ఓదెలు పేరున్న సీసా

2008 వేసవి. గోదావరిఖనిలో బస్టాండుకు కాస్త అవతల, మందుల దుకాణం పైన మొదటి అంతస్తులో ఉండే ఒక ప్రైవేటు ల్యాబులో నేను కెమిస్టుగా పనిచేస్తున్నాను. బోర్డు పెద్దదే కానీ లోపల ఉన్నవి మూడు గదులు. ఒకదాంట్లో బోరు నీళ్లు, బాయిలరు నీళ్లు పరీక్ష చేసేవాళ్లం. ఇంకోదాంట్లో రిజిస్టర్లు, కంప్యూటరు, ఓనరు సారు కుర్చీ. మూడో గదిలో, ఊళ్లో కరెంటు ఉన్నంతసేపు నడిచే ఏసీ కింద, మా అందరికీ గొప్ప చెప్పుకోవడానికి ఒక యంత్రం ఉండేది. దాన్ని హెచ్‌పీఎల్‌సీ అంటారు. కొత్తదేం కాదు, హైదరాబాదులో ఎవరో వాడి తీసేసింది. అయినా చుట్టుపక్కల అలాంటిది మా దగ్గరే ఉందని సారు మెట్లెక్కి వచ్చిన ప్రతివారికీ చెప్పేవారు.

ఆ యంత్రం పని తెలియకపోతే ఈ కథ అర్థం కాదు కాబట్టి రెండు మాటల్లో చెబుతాను. సన్నటి స్టీలు గొట్టంలో మెత్తటి పొడి కూరి ఉంటుంది. దాన్ని కాలమ్ అంటాం. మూత్రమో, నీళ్లో ఒక చుక్క అందులోకి పంపితే, దానిలో కలిసి ఉన్న పదార్థాలు ఒక్కొక్కటి ఒక్కో సమయానికి బయటికి వస్తాయి. వచ్చినప్పుడల్లా కాగితం మీద చిన్న గుట్టలా గీత లేస్తుంది. అది పీక్. ఆ పీక్ ఏ పదార్థానిదో యంత్రానికి తెలియదు. అందుకని ఆ పదార్థాన్నే, స్వచ్ఛమైనదాన్ని, ముందుగా అదే గొట్టంలోంచి పంపి ఎప్పుడు వస్తుందో, ఎంత ఎత్తు లేస్తుందో చూసుకుంటాం. అలా పోల్చుకోవడానికి వాడేదే రిఫరెన్స్ స్టాండర్డ్. వేలెడంత గోధుమరంగు సీసాలో చిటికెడు తెల్లటి పొడి, దాంతోపాటు అది ఎంత స్వచ్ఛమో, ఏ తేదీ దాకా నమ్మవచ్చో రాసిన సర్టిఫికెట్.

నాకు ఆ సీసాలంటే ప్రాణం. ఫ్రిజ్‌లో వాటి అరను ఇంకెవరినీ ముట్టనిచ్చేదాన్ని కాదు. తేమ తగులుతుందని, తూకం తేడా వస్తుందని అందరి మీదా ఎగిరేదాన్ని. ల్యాబులో నా వెనకాల ‘స్టాండర్డు మేడమ్’ అని నవ్వుకునేవారు, నాకూ తెలుసు. మా నాన్న బొగ్గుబాయిలో కోల్ కట్టరు. పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని కానీ ముందుకు అడుగేసేవాడు కాదట. నా నిక్కచ్చితనం ఆయన నుంచే వచ్చిందని అనుకునేదాన్ని. అనుకోవడమేమిటి, పదిమందిలో చెప్పుకునేదాన్ని కూడా.

మే నెలలో ఒక సాయంత్రం, ల్యాబు మూసే వేళకు ఒక ఆమె భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె ముందు, అతను వెనక. లోపలికి వస్తూనే సూటిగా అడిగింది.

“మేడమ్, తాగినోళ్లను పట్టే పరీక్ష ఉంటదా మీ తాన?”

“ఎవరికక్కా?”

“గీయనకే. మా పెనిమిటి. తాగుతలేడని రాసియ్యాలె మీరు.”

నాకు నవ్వొచ్చింది. తాగుతున్నాడని పట్టించే భార్యల గురించి విన్నాను కానీ తాగట్లేదని రాయించుకోవడానికి వచ్చిన మనిషిని అదే మొదటిసారి చూడటం. అతను గుమ్మం దగ్గరే నిలబడి తల దించుకున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. గోళ్ల చుట్టూ ఆకుపచ్చ రంగు పేరుకుపోయి ఉంది. అతనితో పాటు గదిలోకి థిన్నర్ వాసన గుప్పున వచ్చింది. నేను కావాలనే రెండడుగులు దగ్గరికి వెళ్లి మాట్లాడించాను. థిన్నర్ తప్ప మరో వాసన లేదు.

ఆమె పేరు సరోజన, కూరగాయలు అమ్ముతుంది. అతను ఓదెలు, పెయింటరు. బొగ్గుబాయి సామాన్లు బాగుచేసే ఒక కాంట్రాక్టరు షెడ్డులో పని. కొన్ని నెలలుగా ఇంటికి తూలుతూ వస్తున్నాడు. చెప్పింది మరిచిపోతున్నాడు. చేతులు వణుకుతున్నాయి. వాడకట్టులో అందరూ తాగుబోతు అని ఖాయం చేసేశారు.

“బిడ్డ పుట్టినకాన్నుంచి సుక్క ముట్టలే మేడమ్. పదకొండేండ్లాయె,” అంది సరోజన. “మొదలు నేను సుత నమ్మలే. ఇంట్ల అడుగు పెట్టంగనే నోరు వాసన చూసేదాన్ని. మా నాయిన తాగి తాగే సచ్చిండు. అందుకే నాకు గంత భయం.”

“ఊకో సరోజనా, పదిమంది ముంగట,” అన్నాడు ఓదెలు మెల్లగా. అక్కడ ఉన్నది నేనూ సారూ ఇద్దరమే.

“ఓదెలన్నా, రంగు ఎట్ల కొడతరు? బ్రష్షా, స్ప్రేనా?”

“స్ప్రే మేడమ్. బొగ్గు టబ్బులకు, ఇనుప సామాన్లకు, నీళ్ల ట్యాంకులకు. షెడ్డు తలుపులు మూసి కొడతం.”

“తలుపులు మూసి ఎందుకు?”

“మూయకుంటే ఎట్ల? బొగ్గు దుమ్ము వచ్చి తడి రంగు మీద పడతది. మొత్తం ఖరాబ్. మల్ల గీకి మల్ల కొట్టాలె.”

ఆ మాటతో నాకు విషయం సగం అర్థమైంది. మా బొగ్గు బెల్టులో దుమ్ము అందరికీ తెలిసిందే. ఆరేసిన బట్టలు సాయంత్రానికి మసిబారతాయి. రంగును కాపాడటానికి తలుపులు మూసి, ఆ మూసిన షెడ్డులో థిన్నర్ ఆవిరిని రోజంతా మనుషులు పీలుస్తున్నారు. థిన్నర్‌లో టోలీన్ అనే ద్రవం ఉంటుంది. దాన్ని ఎక్కువ పీలిస్తే మనిషి అచ్చం తాగినవాడిలాగే తూలుతాడు, మరిచిపోతాడు. ఒంట్లోకి వెళ్లిన టోలీన్ హిప్యూరిక్ యాసిడ్ అనే ఆర్గానిక్ యాసిడ్‌గా మారి మూత్రంలో పోతుంది. అది అందరి మూత్రంలోనూ కొంత ఉంటుంది కానీ పరిమితి దాటితే మాత్రం పీల్చకూడనంత పీలుస్తున్నాడని లెక్క. డ్యూటీ దిగిన వెంటనే పట్టిన మూత్రమే ఆ పరీక్షకు పనికొస్తుంది. తెల్లారేసరికి చాలావరకు ఒంట్లోంచి పోతుంది.

ఇదంతా వాళ్లకు వివరించాను. సరోజన మొహం ఒక్కసారిగా వెలిగింది. “జూసినవా, నేను చెప్పలేదా?” అన్నట్టు భర్త వైపు చూసింది. ఓదెలు అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు కాబట్టి మా బాత్‌రూమ్‌లోనే సీసాలో పట్టి ఇచ్చాడు. ముదురు పసుపు రంగులో, ఇంకా వెచ్చగా ఉంది. దాని మీద నా చేత్తో పేరు రాసి ఫ్రిజ్‌లో పెట్టాను.

వాళ్లను కూర్చోమని చెప్పి స్టాండర్డు తీద్దామని చూస్తే, హిప్యూరిక్ యాసిడ్ సర్టిఫికెట్ మీద తేదీ దాటి నాలుగు రోజులైంది.

“నాలుగు రోజులే కదమ్మా, దాంతోనే నడిపెయ్,” అన్నారు సారు.

“నడపను సార్. తేదీ పోయిన స్టాండర్డుతో నా సంతకం పెట్టను.”

ఆయన నా మొహం చూసి ఊరుకున్నారు. సీసాలో పొడి తెల్లగా, పొడిగా, ఎప్పటిలాగే ఉంది. నాలుగు రోజుల్లో అది పాడవదని నాకూ తెలుసు. కనీసం ఓదెలు సంగతి పైపైన తెలుసుకోవడానికైనా ఒకసారి నడిపి చూడొచ్చు. అయినా నియమం నియమమే అనుకున్నాను. ఆ రోజు నాలో నేను కాస్త గర్వపడ్డాను కూడా.

సరోజనకు ఎలా చెప్పాలో తెలియక, “ఇది నీ కిలో రాయి లాంటిదక్కా,” అన్నాను. “రాయి సరిగా ఉంటేనే తూకం నమ్మొచ్చు. కొత్త రాయి హైదరాబాద్ నుంచి రావాలె. పది రోజులు పడుతుంది.”

ఆమె కాసేపు ఆలోచించి, “మా అత్తనాటి రాయి మేడమ్ నాది. దాంతోనే అమ్ముతున్న. ఎవ్వలు ఏమనలే,” అంది. తర్వాత తనే నవ్వి, “మీ సదువు మీది. మంచిదే. వచ్చినంక చెప్పుర్రి,” అంటూ వెళ్లిపోయింది.

పది రోజులన్నది మూడు వారాలైంది. సరోజన బేరం అయిపోయాక ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని రోజు మార్చి రోజు మెట్లెక్కి వచ్చేది. “రాయి వచ్చిందా మేడమ్?” అనేది. రాలేదంటే కాసిన్ని నీళ్లు తాగి పోయేది. ఒకసారి నా బల్ల మీద నాలుగు వంకాయలు పెట్టి వెళ్లింది. ఈలోగా ఆ ఎండలకు బజారులో కరెంటు కోతలు మొదలయ్యాయి. కిటికీలోంచి చూస్తే కరెంటు తయారుచేసే ప్లాంటు చిమ్నీలు కనబడుతుంటాయి, మా ఫ్రిజ్ మాత్రం రోజుకు ఐదారు గంటలు ఆగిపోయేది. శాంపిల్‌ను ఫ్రిజ్‌లో వారం కంటే ఎక్కువ ఉంచకూడదని మా పద్ధతి. ఎనిమిదో రోజున ఓదెలు సీసా తీసి సింకులో పారబోశాను. రిజిస్టరులో ‘గడువు మీరినందున పారవేయబడినది’ అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

స్టాండర్డు వచ్చిన రోజు నాకు పండగే. కొత్త సీసా, కొత్త సర్టిఫికెట్. తేమ పీల్చే డబ్బాలో ఉంచి తీసి, ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి తూకం వేశాను. మళ్లీ మూత్రం పట్టివ్వాలని సరోజనకు కబురు పెడితే మర్నాడు మధ్యాహ్నం ఓదెలు ఒక్కడే వచ్చాడు, ఖాళీ సీసా పట్టుకెళ్లడానికి.

ఆ వారం షెడ్డులో అర్జెంటు పనుందని, డ్యూటీ ఎనిమిదింటి దాకా ఉంటుందని చెప్పాడు. అప్పటికి మా ల్యాబు మూసేస్తాం. “డ్యూటీ దిగంగనే పట్టి, మంచుగడ్డల్లో పెట్టి పొద్దున తీసుకురా అన్నా,” అన్నాను. ఎవరైనా దగ్గరుండి పట్టించాలని పుస్తకాల్లో ఉంటుంది. ఆడమనిషిని, ఆ మాట అనడానికి నాకు సిగ్గేసింది. షెడ్డులో సూపర్‌వైజరుకు ఫోన్ చేసి చెప్పవచ్చు. ఆ ఆలోచన కూడా రాలేదు.

నేను పేరు రాసిచ్చిన సీసాను జేబులో పెట్టుకుని కూడా ఓదెలు కదల్లేదు.

“మేడమ్, ఎక్కువొస్తే అన్‌ఫిట్ అంటరా?”

“అన్‌ఫిట్ అని కాదన్నా. కొన్నాళ్లు రంగు పని చెయ్యొద్దని రాస్తాం. నీ మంచికే కదా.”

“కొన్నొద్దులంటే కాంట్రాక్టుల ఇంకొకన్ని పెట్టుకుంటరు మేడమ్. మల్ల రమ్మనరు. మొన్న పక్క షెడ్డుల ఒకనికి గట్లనే అయింది.”

“ఆరోగ్యం ముఖ్యం కదా అన్నా,” అన్నాను. జీతం రాళ్లు నెల నెలా చేతికొచ్చే మనిషిని అనే మాట. కళ్లు అప్పటికే యంత్రం మీద ఉన్నాయి. “గంతే గదా,” అని అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సీసా తెచ్చిచ్చాడు. ప్లాస్టిక్ కవరులో మంచుముక్కల మధ్య చక్కగా పెట్టి తెచ్చాడు. నేను మెచ్చుకున్నాను కూడా. ఆ రోజు నా చేతిపనికి వంక పెట్టేవాడు లేడు. స్టాండర్డును ఐదు మోతాదుల్లో కలిపి నడిపితే ఐదు చుక్కలూ గ్రాఫులో ఒకే గీత మీద వరసగా కూర్చున్నాయి. తర్వాత ఓదెలు శాంపిల్ నడిపాను. హిప్యూరిక్ యాసిడ్ పీక్ రావలసిన నిమిషానికే వచ్చింది, చిన్నగా. పరిమితికి చాలా కింద ఉంది.

ఇంకో సంగతి కూడా ఆ రోజే నా కళ్లముందుకొచ్చింది. ఇలాంటి పరీక్షలో క్రియాటినిన్ కూడా చూస్తాం. కండబలం ఉన్న మగవాళ్ల మూత్రంలో అది ఎక్కువ, ఆడవాళ్లలో కాస్త తక్కువ. మూత్రం పలచగా ఉన్నా తగ్గుతుంది. ఈ సీసాలో తక్కువగానే ఉంది, రంగు కూడా లేతగా ఉంది. రామగుండం ఎండలకు మనిషి బిందెల కొద్దీ నీళ్లు తాగి ఉంటాడు అనుకున్నాను. మొదటిసారి వెచ్చగా, ముదురుగా చేతికొచ్చిన సీసా గుర్తుకు రాలేదు. ‘పరిమితి లోపల ఉన్నది’ అని టైపు చేసి సంతకం పెట్టాను.

రిపోర్టు కోసం ఇద్దరూ వచ్చారు. చదివి చెప్పాను. సరోజనకు వెంటనే అర్థం కాలేదు.

“అంటే థిన్నర్ తోటి కాదా మేడమ్?”

“ఈ రిపోర్టు ప్రకారం కాదక్కా.”

“మరి దేనితోటి తూలుతున్నడు?”

“అది నేను చెప్పలేను.”

ఆమె నెమ్మదిగా భర్త వైపు తిరిగింది. మూడు వారాలు రోజు మార్చి రోజు మెట్లెక్కి వచ్చిన మనిషి, మొదటి రోజు వెలిగిన మొహం, అంతా ఆ ఒక్క చూపులో ఆరిపోయింది. ఓదెలు నేల చూస్తూ నిలబడ్డాడు. అతను ఒక్క మాట అంటే ఆ చూపు తప్పేది. అనలేదు. ఆమె రిపోర్టు మడిచి కొంగున కట్టుకుని, అతనికంటే ముందు మెట్లు దిగిపోయింది.

ఆగస్టు వానల్లో ఓదెలు పోయాడు. షెడ్డులో ఇనుప నీళ్ల ట్యాంకు లోపలివైపు రంగు కొడుతూ నిచ్చెన మీద నుంచి పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. దవాఖానలో రెండు రోజులు తెలివి లేకుండా ఉండి ప్రాణం విడిచాడు. అతను ఆ రోజు తాగాడా లేదా అని ఎవరూ పరీక్ష చేయలేదు. చెయ్యాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు, ఎందుకంటే అందరికీ ముందే తెలుసు కదా, తాగుబోతని.

నాకు ఈ కబురు చెప్పింది వాళ్ల సూపర్‌వైజరు. రిపోర్టు సంగతి ఓదెలే షెడ్డులో చెప్పాడట, దాని కాపీ కావాలని వచ్చాడు.

“ఎంక్వైరీ అయితున్నది మేడమ్. థిన్నర్ తోని కండ్లు తిరిగి పడ్డడని ఆయన భార్య అంటున్నది. మీ రిపోర్టుల నార్మలే ఉన్నది కదా. థిన్నర్ కాదంటే మందే. ఇంకేమున్నది?”

నా చేత్తోనే జిరాక్సు తీసి ఇచ్చాను. రిపోర్టు సరైనదని నాకు నమ్మకం. మనసులో బాధగా ఉంది, అయినా చేసేదేముంది అనుకున్నాను. 

నెల మాసికం అయ్యాక సరోజన వచ్చింది. ఈసారి నెత్తిన గంప లేదు. నేను కుర్చీ వేశాను, కూర్చోలేదు. నీళ్లిచ్చాను. తాగి గ్లాసు బల్ల మీద పెట్టి, చాలా మామూలుగా అడిగింది.

“మేడమ్, ఒకటి అడుగుడు మర్చిపోయిన. నా పరీక్షల ఏమొచ్చింది?”

“నీకే పరీక్షక్కా?”

“ఆడోళ్లది సుత కావాల్నన్నరట కదా మీరు. మీ సీసలనే పట్టిచ్చిన, ఆ పొద్దు పొద్దుగాల. ఆయననే తెచ్చిండు. నాది ఎట్లున్నదో చెప్పనే లేదు.”

నేను రిజిస్టరు తీశాను. చూడనవసరం లేదు, అయినా తీశాను. ఆ రోజు నా దగ్గరికి వచ్చింది ఒక్కటే సీసా. దాని మీద ఓదెలు పేరు, నా చేతిరాత. లేత రంగు, తక్కువ క్రియాటినిన్, అన్నీ కళ్లముందు తిరిగాయి. 

దాచిపెట్టాలనే అనిపించింది. ‘నీది బాగానే ఉందక్కా’ అంటే అయిపోతుంది, అది అబద్ధం కూడా కాదు. ఆమె తృప్తిగా వెళ్లిపోతుంది. నా రిపోర్టూ, ల్యాబు పేరూ నిలబడతాయి. ఓదెలు తాగుబోతుగా మిగిలిపోతాడు. ఒక నిమిషం పాటు నేను ఆ వైపు మొగ్గానని ఒప్పుకోవడానికి ఇన్నేళ్ల తర్వాత కూడా సిగ్గుగా ఉంది.

“అక్కా, కూసో,” అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి చెప్పాను. సీసా ఒక్కటే వచ్చిందని, దాని మీద అతని పేరుందని, అందులో ఉన్నది ఆమెదని, ఎక్కువొస్తే పని పోతుందని అతను భయపడ్డాడని, అది నన్ను అడిగాడని, నేను విని కూడా విననట్టు ఉన్నానని. మొదటి సీసా పారబోసిన సంగతి కూడా చెప్పాను.

 ఆమె తనలో తను అనుకున్నట్టు అంది.

“గందుకా... ఎంక్వైరీల థిన్నరే అన్న గని లోపల నాకే నమ్మకం లేకుండె. రిపోర్టు వచ్చిన కాడికెల్లి మూడొద్దులు మాట్లాడలే నేను ఆయనతోని. తాగినవ్, బిడ్డ మీద ఒట్టు తప్పినవ్ అని తిట్టిన. పళ్లెం ఇసిరికొట్టిన. ఒక్క మాట అనలే మేడమ్. తాగలే అని సుత అనలే. తలకాయ కిందికేసుకొని డ్యూటీకి పోయిండు.”

అప్పుడు ఏడ్చింది. నేను కూడా. పక్క గదిలో సారు ఫోన్ మాట్లాడటం ఆపేశారు.

కొంచెం తేరుకున్నాక కొంగుతో మొహం తుడుచుకుని అంది. “మీ రాయి మంచిదే మేడమ్. తూకం సుత సక్కగనే వేసిన్రు. సరుకే ఆయనది కాదు.”

ఆమె నన్ను ఓదార్చడానికే అంది. నాకు మాత్రం ఇప్పటికీ అంతకంటే గట్టిగా తగిలిన మాట లేదు. మా నాన్న అడుగు వేసే ప్రతి చోటా పైకప్పు తట్టేవాడు. నేను నాకు ఇష్టమైన ఒక్క చోటే తట్టి, చప్పుడు బాగుందని మురిసిపోయాను. అసలు మనిషి వెచ్చటి సీసా చేతికిస్తే తేదీ పేరు చెప్పి సింకులో పోశాను. అతనిది కాని సీసాను మాత్రం మచ్చలేని స్టాండర్డుతో కొలిచి, సంతకం పెట్టి, జిరాక్సు తీసి మరీ అతని మీద సాక్ష్యంగా పంపించాను.

“ఇప్పుడేం చెయ్యమంటావక్కా?”

“తప్పయిందని రాసియ్యుర్రి. నాకు కాదు. షెడ్డు కాడ అందరికి తెల్వాలె.”

ఆ రోజే ఉత్తరం రాశాను. ఫలానా తేదీన ఇచ్చిన రిపోర్టులోని శాంపిల్ ఓదెలుది కాదని, పట్టేటప్పుడు దగ్గర ఎవరినీ ఉంచకపోవడం నా పొరపాటని, మూసిన షెడ్డులో థిన్నర్ పీల్చేవాళ్లకు కళ్లు తిరగడం, తూలడం మామూలని, ఆ రిపోర్టును బట్టి అతని గురించి ఏ నిర్ణయమూ చేయకూడదని. సారు చదివి, “ల్యాబు పేరు పోతదమ్మా,” అన్నారు.  ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగి, సొరుగులోంచి ల్యాబు ముద్ర తీసి ఉత్తరం పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయారు. ముద్ర నేనే వేశాను. ఒక కాపీ ఎంక్వైరీకి పంపించాం. దాన్ని వాళ్లు చదివారో, ఫైలులో పెట్టారో, పారేశారో నాకు ఇప్పటికీ తెలియదు. జవాబు రాలేదు.

సరోజనకు మాత్రం ఆ కాపీతో పని లేదు. “నాకు సదువు రాదు. మీరే వచ్చి సదువాలె,” అంది.

మర్నాడు సాయంత్రం ఐదింటికి, డ్యూటీ దిగే వేళకు, ఆమెతో షెడ్డు గేటు దగ్గరికి వెళ్లాను. వాన వెలిసి నల్లటి బురదగా ఉంది. పెయింటర్లు, వెల్డర్లు సైకిళ్లు నడిపించుకుంటూ వస్తున్నారు. సరోజన అడ్డంగా నిలబడి, “జర ఆగుర్రి అన్నా, ఒక కాయితం సదువుతది మేడమ్,” అంది. ఒక్కొక్కరుగా ఆగారు. సూపర్‌వైజరు కూడా వచ్చి గేటుకు ఆనుకుని నిలబడ్డాడు.

నేను చదివాను. పొరపాటు నాది అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివాను.  అయిపోయాక సూపర్‌వైజరు లోపలికి వెళ్లిపోయాడు. తలకు రుమాలు కట్టుకున్న ఒక పెద్దాయన ముందుకొచ్చాడు.

“అంటే బిడ్డా, మేం తలుపులు మూసి కొట్టుడే తప్పంటవా?”

“అవును కాకా.”

“తెరిస్తే దుమ్ము పడతది గద.”

“దుమ్ము పడితే రంగు మళ్లీ కొట్టొచ్చు కాకా.”

 ఆ తర్వాత ఒక తలుపు తెరిచి పెట్టుకుంటున్నారని, దాని మీద రోజూ గొడవ అవుతోందని సరోజన ఎప్పుడో బజారులో కనిపించి చెప్పింది. ప్రత్యేక రాష్ట్రం వచ్చే నాటికి ఆ షెడ్డూ లేదు, ఆ కాంట్రాక్టరూ లేడు. నేను ఇంకో ల్యాబుకు మారాను. నా కింద పనిచేసేవాళ్లు ఇప్పటికీ నన్ను చూసి విసుక్కుంటారు. సీసా ఎవరి ముందు పట్టారో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో రాయందే నేను శాంపిల్ ముట్టుకోను. స్టాండర్డు తేదీ దాటిందని మాత్రం ఎవరి శాంపిలూ పారబోయనివ్వను. ముందు నడిపి చూస్తాం, కొత్తది వచ్చాక మళ్లీ నడుపుతాం. సీసా తెచ్చిన మనిషి ఏదైనా అడిగితే, యంత్రం మీది నుంచి కళ్లు తీసి వింటాను.

ఆ రోజు గేటు దగ్గర అందరూ వెళ్లిపోయాక సరోజన నా చేతిలోంచి కాగితం తీసుకుంది. అక్షరాలు తెలియకపోయినా పైనుంచి కింది దాకా వేలితో తడిమింది.

“మేడమ్, తాగలేదని ఏడ రాసిన్రు ఇందుల?”

నేను రాయలేదు. దానికి నా దగ్గర పరీక్ష లేదు, శాంపిల్ లేదు. ఉన్న ఒక్క శాంపిల్ నేనే పారబోశాను. ఆ మాటే ఆమెకు చెప్పబోయాను. ఆమె నా మొహంలోకే చూస్తోంది. మొదటి రోజు సాయంత్రం ‘తాగుతలేడని రాసియ్యాలె మీరు’ అంటూ మెట్లెక్కి వచ్చినప్పటి మొహం.

కాగితాన్ని ఎవరిదో సైకిలు సీటు మీద పెట్టి, నా సంతకం కింద ఇంకో వాక్యం పెన్నుతో రాశాను. ‘ఓదెలు తాగలేదు.’ దాని కింద మళ్లీ సంతకం పెట్టి, ఆమెకు చదివి వినిపించాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో పక్కన ఏ స్టాండర్డూ లేకుండా నేను సంతకం పెట్టిన ఫలితం అదొక్కటే.